గాజు మీద గీత

ఆ వేసవిలో మా ఆవిడ ఇరవై మూడు రోజులు పని లేకుండా ఇంట్లో కూర్చుంది. కూర్చోబెట్టింది నేనే. పరాయివాళ్ళెవరైనా ఆ పని చేసి ఉంటే ఈపాటికి ఊరంతా తిరిగి నాలుగు తిట్లు తిట్టి కడుపుమంట చల్లార్చుకునేవాణ్ణి. చేసింది నేనే కావడం వల్ల ఇలా కూర్చుని రాసుకోవాల్సి వస్తోంది.

మా ఆవిడ బండలు వేసే మేస్త్రి. వంటగట్లు, షాపు కౌంటర్లు, మెట్లు, ఏదైనా సరే, ఆవిడ వేసిన బండ మీద గోలీ పెడితే పెట్టిన చోటే ఉంటుంది. పని వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకుంది. మా ఊరి బండల మేస్త్రుల సంఘంలో నూట పది మంది ఉంటే అందులో ఆడమనిషి ఈవిడొక్కతే. సంఘం జాబితాలో పేరు, చేతిలో కార్డు ఉంటేనే ఎవరైనా పనికి పిలుస్తారు. కార్డు లేకపోతే ఎంత చెయ్యి తిరిగిన మేస్త్రినైనా గుమ్మంలోనే ఆపేస్తారు.

నేను బస్సు డిపోలో టైమ్‌కీపర్ని. ఏ బస్సు ఎన్నింటికి వెళ్ళింది, ఎన్నింటికి తిరిగొచ్చింది రాయడం నా ఉద్యోగం. రాళ్ళు నా పిచ్చి. సెలవు దొరికితే చాలు, సంచీ తగిలించుకుని క్వారీ గుట్టల మీదో, కొత్త రోడ్డు కోసం తవ్విన చోటో వాలిపోయేవాణ్ణి. తెచ్చినవాటికి వెనక వరండాలో బల్ల మీద పరీక్షలు. గరుకు పెంకు మీద రుద్దితే పొడి ఏ రంగులో పడుతుందో చూడాలి. అయస్కాంతం తగిలించాలి. కత్తి మొనతో గీకాలి. గాజుముక్క మీద గీత పడుతుందో లేదో చూడాలి. చివరికి మందుల షాపాయన నీళ్ళు కలిపి ఇచ్చిన పల్చటి యాసిడ్ ఒక్క చుక్క వేసి, బుడగలొస్తే ఒక జాతి, రాకపోతే ఇంకో జాతి అని చీటీ అంటించాలి. అలా చీటీ అంటుకున్నవి మూడు వందల పైచిలుకు, చెప్పుల పెట్టెల్లో సర్ది ఉండేవి.

"పొద్దున్నుంచి రాళ్ళు మోసి ఇంటికొస్తే ఇంట్లోనూ రాళ్ళేనా," అనేది మా ఆవిడ. కోపంగా అనేది కాదు, కాళ్ళు చాపుకుంటూ అనేది.

మా అత్తగారు మాతోనే ఉండేవారు. ఆవిడకి శుభ్రం పిచ్చి. గిన్నెలతో పాటు నా రాళ్ళు కూడా తోమేసిన రోజులున్నాయి. "అల్లుడుగారూ, కొండ మీది మట్టయినా మట్టే కదా," అనేవారు. ఒకే ఇంట్లో రెండు పిచ్చులు ఎలా ఇముడుతున్నాయని చుట్టుపక్కల వాళ్ళు మాట్లాడుకునేవారట.

ఎండలు ముదిరే రోజుల్లో బస్టాండు ఎదురుగా ఒకావిడ జ్యూస్ షాపు పెట్టింది. పది అడుగుల కౌంటరు, తెల్లటి బండ, దాని మీద పొగరంగు చారలు. బండ అమ్మింది మా ఊళ్ళో పెద్ద షాపు షావుకారు. పలుగుబండ అని చెప్పి అమ్మాడు. పలుగురాయి అంటే గాజు కన్నా గట్టిది. నిమ్మరసం, పులుపు, ఏదీ దాన్ని ఏమీ చెయ్యలేదు. మా ఆవిడ నాలుగు రోజుల్లో కోసి, అతికించి, పాలిష్ పట్టి ఇచ్చింది. ఎనిమిదో రోజున కబురొచ్చింది. నాకు సెలవు కావడంతో నేనూ వెంట వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సింది.

కౌంటరు చూడగానే నా మనసు చివుక్కుమంది. గ్లాసులు పెట్టిన చోటల్లా వాటి అడుగులు గుండ్రంగా అచ్చుపడ్డాయి. నిమ్మకాయలు పిండే చోట మెరుపు పూర్తిగా పోయి, వేలు పెడితే గరగరలాడుతోంది. జ్యూస్ షాపావిడ ఏడవలేక నిలబడి ఉంది. షావుకారు అప్పటికే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఎవరి మీదా గొంతు పెంచని మనిషి. అంత మెత్తగా మాట్లాడేవాళ్ళతోనే నాకు ఎప్పుడూ చిక్కు.

"సిమెంటు మరకలు పోవడానికి యాసిడ్ కొట్టి ఉంటారమ్మా," అన్నాడు మా ఆవిడతో. "తొందరలో అందరూ చేసేదే. నేను తప్పుపట్టను. కానీ నా బండని అంటే ఊరుకోను."

"నేను యాసిడ్ ముట్టుకోలేదండీ," అంది మా ఆవిడ. "కోసేటప్పుడే నాకు అనుమానమొచ్చింది. పలుగుబండైతే బ్లేడు ఏడుస్తుంది. ఇది అడిగిన వెంటనే దారిచ్చింది. అప్పుడే మీ షాపుకొచ్చి అడిగాను కూడా. కొత్త బ్లేడు కదా, అలాగే దిగుతుంది అన్నారు."

"దిగదా మరి," అన్నాడాయన నవ్వుతూ. "అయినా మీ ఇంట్లో యాసిడ్ సీసా ఎప్పుడూ ఉంటుందని ఊరందరికీ తెలుసు." నా వైపు కూడా ఒక నవ్వు విసిరాడు.

ఆ నవ్వు నన్ను పట్టుకుంది. నా సీసా మీదకి, నా బల్ల మీదకి మాటొచ్చిందని రోషమొచ్చింది. పరీక్ష సామానున్న సంచీ భుజానే ఉంది. "గొడవెందుకు, రెండు నిమిషాల్లో తేల్చేస్తాను," అన్నాను. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని మెల్లగా లాగింది. నేను వదిలించుకున్నాను.

కౌంటరు కింద పడి ఉన్న కోత ముక్క ఒకటి తీసుకున్నాను. దాని అంచుతో గాజుముక్క మీద బలంగా గీశాను. తెల్లటి గీత, కళ్ళకి కనబడేంత స్పష్టంగా పడింది. పాలిష్ వైపు ఒక చుక్క యాసిడ్ వేశాను. ఒక్క బుడగ కూడా రాలేదు. అప్పటికి షాపు ముందు పది మంది పోగయ్యారు. నేను గొంతు సవరించుకుని, "పలుగురాయే," అన్నాను.

మాట బయటికొచ్చాక గానీ దాని అర్థం నా తలకెక్కలేదు. రాయి పలుగురాయైతే పాడు చేసింది నిమ్మరసం కాదు. నిమ్మరసం కాకపోతే యాసిడ్. యాసిడ్ అయితే మా ఆవిడ.

"మీరు యాసిడ్ పోస్తే ఏమీ కాలేదు కదా," అంది మా ఆవిడ నాతో. గొంతు స్థిరంగానే ఉంది. "నేను పోస్తే ఎలా పాడైందంటారు?"

"ఇది పల్చటిదమ్మా," అన్నాడు షావుకారు నాకన్నా ముందే. "నేలలు కడిగేది గాఢంగా ఉంటుంది, పాలిష్ పూత లేపేస్తుంది. సొంత మొగుడే చెప్పాక ఇంక నేను చెప్పేదేముంది." ఆ గాజుముక్కని జాగ్రత్తగా దాచమని కూడా చెప్పాడు. నేను దాన్ని కాగితంలో చుట్టి, కోత ముక్కతో పాటు సంచీలో పెట్టుకున్నాను. వెధవ పని చేశానని లోపల తెలుస్తూనే ఉంది, చేతులు మాత్రం పద్ధతిగా చుట్టాయి.

ఇంటికొచ్చాం. గుమ్మంలో చెప్పులు విడుస్తూ మా ఆవిడ అడిగింది.

"ఒక్క మాట చెప్పండి. మీరు నన్ను నమ్ముతున్నారా, ఆ గాజుముక్కనా?"

ఇలాంటప్పుడు మొగుడనేవాడు ఏం చెప్పాలో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. నేను మాత్రం, "పరీక్షలో వచ్చింది వచ్చినట్టు చెప్పాను. దానికి నువ్వూ నేనూ ఒకటే," అన్నాను. ఆవిడ తల ఊపింది. చెప్పులు గోడవార పెట్టి లోపలికెళ్ళిపోయింది.

రెండు రోజులకి సంఘం నుంచి చీటీ వచ్చింది. నెలాఖరు సమావేశంలో విచారణ జరుగుతుందని, అప్పటిదాకా కార్డు ఒప్పగించాలని. తప్పు రుజువైతే జాబితాలోంచి పేరు కొట్టేస్తారు, మళ్ళీ ఎక్కించరు. ఆవిడే వెళ్ళి కార్డు ఇచ్చి వచ్చింది. ఒప్పుకున్న రెండు పనుల వాళ్ళు వేరే మేస్త్రిని చూసుకున్నారు. ఆవిడ పనిముట్లన్నీ బయటికి తీసి తుడిచి నూనె రాసింది. మర్నాడు మళ్ళీ తీసి మళ్ళీ రాసింది. మూడో రోజు తియ్యలేదు, గోడ వైపు తిరిగి కూర్చుంది. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆవిడ పగటిపూట ఖాళీగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. నాకు భయం వేసింది.

మా అత్తగారు నాతో మాట మానేశారు. గిన్నెలు మాత్రం మాట్లాడేవి. నేను వంటింటి దగ్గరికొస్తే చాలు, ఎక్కడలేని చప్పుడూ అక్కడే అయ్యేది.

నేనేమో వరండాలో బల్ల జోలికి పోలేదు. ఆ గాజుముక్కని మాత్రం తేదీ రాసి, చీటీ అంటించి, పై అరలో నిలబెట్టాను. అదేదో కోర్టులో చూపించాల్సిన దస్తావేజైనట్టు.

పదకొండో రోజు పొద్దున డిపోకి బయల్దేరుతూ అర వైపు చూశాను. గాజుముక్క తళతళ మెరుస్తోంది. గీత లేదు.

"అత్తయ్యగారూ, ఈ గాజు మీద గీత ఉండాలి," అన్నాను.

ఆవిడ అన్ని రోజుల తర్వాత నాకు సమాధానమిచ్చారు. "గీతేంటి, దుమ్ము. తడిగుడ్డతో తుడిస్తే పోయింది. మీ చీటీ మాత్రం ఊడదీయలేదు లెండి."

నేను గాజుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. గోరు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకి లాగాను. ఎక్కడా తట్టుకోలేదు. పెట్టెలోంచి నికార్సైన పలుగురాయి తీసి దాని పక్కనే గీసి, తడివేలితో తుడిచాను. గీత అలాగే ఉంది, గోరుకి తగులుతోంది. కోత ముక్కతో మళ్ళీ గీశాను. తెల్లగా పడింది. తుడిచాను. పోయింది. ఆ రోజు గాజు మీద పడింది గాజు గాయం కాదు, రాయి పొడి. గాజుని గియ్యలేక ఆ రాయే అరిగి తన పొడి రాల్చుకుంది. గీసిన తర్వాత తుడిచి చూడాలన్నది ఈ పిచ్చిలోకి దిగినవాడు మొదటి రోజున నేర్చుకునే పాఠం. పదేళ్ళుగా తుడుస్తున్న వాణ్ణి, పది మంది చూస్తున్నారనేసరికి తుడవడం మర్చిపోయాను.

కత్తి మొన పెట్టాను. గాడి పడింది. ఇక మిగిలింది యాసిడ్. పాలరాయికి దాయాది ఒకటుంది, డోలమైట్ అంటారు. పాలరాయి మీద చుక్క వేస్తే ఊరంతా వినబడేలా బుసలు కొడుతుంది. ఈ దాయాది మాత్రం మొండిఘటం, పొడి చేస్తే తప్ప నోరు తెరవదు. పైగా ఆ రోజు నేను చుక్క వేసింది పాలిష్ పూత మీద. ఇప్పుడు ముక్క వెనక వైపు గీకి, చిటికెడు పొడి సాసర్లో వేసి, చుక్క వేశాను. బుడగలు మెల్లగా మొదలై, ఆగకుండా వచ్చాయి.

ఆ ఉదయం డిపోలో ఏ బస్సు ఎన్నింటికి వెళ్ళిందో ఆ దేవుడికే తెలియాలి. నేను వెళ్ళలేదు.

మా ఆవిడ పెరట్లో ఉంది. దగ్గరికెళ్ళి నిలబడ్డాను. క్షమించమని చెప్పడానికి మంచి మాటలు నాలుగు కూర్చుకున్నాను గానీ ఒక్కటీ అందలేదు.

"బ్లేడు గురించి నువ్వు చెప్పిందే నిజం," అన్నాను.

ఆవిడ నన్నోసారి, నా చేతిలో సాసర్ని ఓసారి చూసింది. "పదకొండు రోజులు పట్టిందా మీకు," అంది. సాసర్ అందుకుని బుడగలు ఆగేదాకా చూసింది. కళ్ళు తుడుచుకుంది. తర్వాత లేచి చరచరా వరండా వైపు నడిచింది. "రండి. మొత్తం నాకు నేర్పండి. సమావేశంలో మీరొక్కరే చెబితే మళ్ళీ ఎక్కడో ఏదో మర్చిపోతారు."

సమావేశం దాకా మిగిలిన పన్నెండు రోజులూ మా వరండా బడి అయిపోయింది. నేను పదేళ్ళలో నేర్చుకున్నది ఆవిడ నాలుగు రోజుల్లో మింగేసింది. ఐదో రోజు నుంచి నా తప్పులు దిద్దడం మొదలుపెట్టింది. రాయి చేతిలో పెట్టగానే బరువు చూసి, అంచు తడిమి, ఇది ఫలానా అనేది. నేను పరీక్షలన్నీ చేసి చూస్తే అదే అయ్యేది. "చేతికి తెలిసింది కళ్ళకి చూపించడమేగా మీ పరీక్షలంటే," అంది ఒకరోజు. పదేళ్ళ నా విద్యని ఒక్క ముక్కలో తేల్చేసింది. నాకు కోపం రాలేదు, గర్వమొచ్చింది.

సంఘం సమావేశం గోడౌను పైనున్న హాల్లో. డెబ్భై మంది మేస్త్రులు బల్లల మీద సర్దుకుని కూర్చున్నారు. అధ్యక్షుడు ముసలాయన, కోత మిషన్ల మోతలో యాభై ఏళ్ళు పనిచేసి ఎడమ చెవి పోగొట్టుకున్నాడు. అందుకే ఎవరేం చెప్పినా తల పక్కకి తిప్పి, కుడి చెవి ముందుకు పెట్టి వింటాడు. మా అత్తగారు కూడా వస్తానని పట్టుబట్టి, ఆఖరి బల్ల మీద కూర్చున్నారు.

షావుకారు లేచి చాలా మర్యాదగా చెప్పాడు. "నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఈవిడ భర్తే అందరి ముందూ పరీక్ష చేసి పలుగురాయని చెప్పారు. ఆయన ఇక్కడే ఉన్నారు, అడగండి."

డెబ్భై తలలు నా వైపు తిరిగాయి. నేను లేచాను.

"చెప్పిన మాట నిజం," అన్నాను. "తప్పు చెప్పాను. ఎలా తప్పానో చూపిస్తాను."

గాజుముక్క పైకెత్తి, కోత ముక్కతో అందరికీ కనబడేలా గీశాను. పక్కనే అసలు పలుగురాయితో ఇంకో గీత. "ఆ రోజు ఇక్కడిదాకా చేశాను. తుడవలేదు," అన్నాను. తడిగుడ్డతో ఒక్కసారి తుడిచి, ముందు బల్ల మీద మేస్త్రికి ఇచ్చాను. ఆయన చూసి, బొటనవేలి గోరుతో లాగి చూసి, పక్కవాడికి ఇచ్చాడు. గాజు చేతులు మారుతూ హాలంతా తిరిగింది. ప్రతి ఒక్కడూ గోరుతో లాగి చూశాడు. ఒక్కొక్కడి గోరూ ఒక్క గీత దగ్గరే ఆగింది. నేను చూపిస్తున్నది నా బుద్ధితక్కువతనాన్నే అయినా, అది అలా ఊరేగుతుంటే నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఆ ముక్క ఎక్కడిదో ఎవరికి తెలుసు," అన్నాడు షావుకారు. ఇప్పుడు గొంతు కాస్త పెరిగింది.

గుమ్మం దగ్గర్నుంచి జ్యూస్ షాపావిడ ముందుకొచ్చింది. రెండు చేతులతో ఒక పలక మోసుకొస్తోంది. "అది వద్దు లెండి. ఇది చూడండి," అంది. "నా కౌంటరులో గ్లాసులు కడిగే తొట్టి పట్టడానికి కోసి తీసిన ముక్క. ఆ రోజు నుంచి నా షాపులోనే ఉంది. వెనకాల మీ షాపు ముద్ర కూడా ఉంది."

మా ఆవిడ లేచింది. నేను సుత్తి అందించబోతే వద్దని, తన సుత్తి తీసుకుంది. పలక మూల ఒక్క దెబ్బకి విరిచి, రాలిన ముక్కని నూరి, పొడి సాసర్లో పోసింది. ఇటు ఈ పొడి మీద ఒక చుక్క యాసిడ్, అటు రెండో సాసర్లో మేం నూరి తెచ్చిన పలుగురాయి పొడి మీద ఒక చుక్క. తొందరపడలేదు. మొదటి సాసర్ని తిన్నగా తీసుకెళ్ళి అధ్యక్షుడి కుడి చెవి దగ్గర పెట్టింది.

ముసలాయన కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత రెండో సాసర్ విన్నాడు. మళ్ళీ మొదటిది పెట్టమని వేలు చూపించాడు.

"ఇది మాట్లాడుతోంది," అన్నాడు చివరికి. "ఇది పలుగురాయి కాదు. నిమ్మకాయకే కాదు, ఎవరైనా గట్టిగా చూస్తే అరిగిపోయేలా ఉంది." హాలంతా ఒక్కసారి ఘొల్లున నవ్వింది.

షావుకారు మొహంలో నెత్తురుచుక్క లేదు. "నాకు క్వారీ వాళ్ళు అలాగే చెప్పి అమ్మారు," అన్నాడు. నిజమే అయి ఉండొచ్చు. కొత్త బండ తనే ఇస్తానని అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. అధ్యక్షుడు సొరుగులోంచి కార్డు తీసి, కూర్చునే ఇవ్వబోయి, ఆగి, లేచి నిలబడి ఇచ్చాడు.

"కోసేటప్పుడే చెప్పావటగా అమ్మాయ్. మీ నాన్న కూడా బ్లేడు మాటే వినేవాడు," అన్నాడు.

ఆఖరి బల్ల మీద మా అత్తగారు ముక్కు చీదుకోవడం హాలంతా వినబడింది. నా కళ్ళు ఎప్పుడో నిండిపోయాయి. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

కిందికి దిగేసరికి మేస్త్రులు మా ఆవిడని చుట్టేశారు. ఒకడు జేబులోంచి రాతిముక్క తీస్తాడు, ఇంకొకడు మొన్న వేసిన మెట్ల గురించి అడుగుతాడు. జ్యూస్ షాపావిడ ఆవిడ చెయ్యి వదలడం లేదు. నేను సంచీ పట్టుకుని ఒక పక్కన నిలబడ్డాను. షావుకారు నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, తన షాపులో ఉన్న సరుకంతా ఒకసారి పరీక్ష చేసి పెట్టమన్నాడు. రేపే రమ్మన్నాడు.

"మా ఇంట్లో పరీక్షలు చేసేది ఆవిడండీ," అన్నాను.

ఆయన వెళ్ళి మేస్త్రుల వెనక నిలబడ్డాడు. వాళ్ళు ఒక్కొక్కరే అడగాల్సింది అడిగి తప్పుకునేదాకా ఓపిగ్గా నిలబడి, తన వంతు వచ్చాక అదే మాట అడిగాడు. మా ఆవిడ కార్డుని చీర మీద వేసుకున్న పనిచొక్కా జేబులో పెట్టుకుని, పైన గుండీ పెట్టుకుంది.

"రేపు కుదరదండీ," అంది. "నాకు పనుంది."